రేడియోధార్మిక పెట్టెను ఎవరు అందుకుంటున్నారు?

ప్రయోగశాలల్లో వాడే రేడియోధార్మిక ఫాస్ఫరస్ పీ-32 ఒక మిల్లీక్యూరీ అంటే, ధార్మికత కొలతలో 37 మెగాబెక్వెరెల్. ద్రవరూపంలో ఉంటే మినహాయింపు ప్యాకేజీకి, అంటే ప్రమాద లేబుల్ అక్కర్లేని పెట్టెకు, పరిమితి 50 మెగాబెక్వెరెల్. కాబట్టి హబ్సిగూడలో బయల్దేరి గచ్చిబౌలి చేరే ఆ చిన్న పెట్టె మీద మూడు రెక్కల పసుపు లేబుల్ ఉండదు. పైన యూఎన్ 2910 అన్న రవాణా గుర్తింపు అంకె, చిరునామా, అంతే. ‘రేడియోధార్మికం’ అన్న హెచ్చరిక మూత తీస్తేగానీ కనపడదు. పెట్టె ఉపరితలం మీద రేడియేషన్ గంటకు 5 మైక్రోసీవర్ట్‌లు దాటకూడదు గనుక ఆ నిబంధన సబబే. అయితే దాన్ని మామూలు కొరియర్ అనుకుని వాచ్‌మన్ టేబుల్ కిందకి తోసేస్తే ఆ తప్పు అతనిది కాదు, అతనికి చెప్పని సంస్థది.

పంపే చోట శ్రద్ధ బాగానే ఉంటుంది. ద్రవముండే చిన్న సీసా (వయల్) చుట్టూ సెంటీమీటరు మందాన యాక్రిలిక్ పెడతారు. నేరుగా లెడ్‌లో పెడితే బీటా కణాలు ఆగే క్రమంలో ఎక్స్‌రేలు పుడతాయి. డ్రై ఐస్ ఉన్న పెట్టెకు గాలి ఆడకుండా టేపు చుట్టరు, చుడితే వాయువు నిండి మూత ఎగిరిపోతుంది. పెట్టె పైభాగం తుడిచి, అంటిన ధార్మికతను కొలుస్తారు, చదరపు సెంటీమీటరుకు 4 బెక్వెరెల్ మించకూడదు. ఇంత చేసి, అందుకునే చోట ఎవరో ఒకరి సంతకంతో సరిపెడుతున్నాం! వయల్‌ను తెరిచే ముందు సెంట్రిఫ్యూజ్‌లో తిప్పాలని, లేకుంటే మూతకంటిన చుక్క గ్లవ్స్ మీద చిందుతుందని ఆ సంతకం పెట్టినవారికి తెలుసా?

పెట్ స్కాన్లకు వాడే రేడియోధార్మిక ఫ్లోరిన్, ఎఫ్-18, 110 నిమిషాలకే సగమైపోతుంది, సంతకాల కోసం ఆగితే రోగికి నష్టమంటారు. నిజమే. కానీ శిక్షణ పొందిన మనిషి ముందే గేటు దగ్గర నిలబడితే ఆగాల్సిన పనే ఉండదు.

పశ్చిమ ఆస్ట్రేలియాలో 2023 జనవరిలో 8 మిల్లీమీటర్ల రేడియోధార్మిక సీజియం-137 గుళిక ఒకటి 1,400 కిలోమీటర్ల దారిలో జారిపోయింది. కుదుపులకు అది ఉన్న పరికరం బోల్టు ఊడింది. పెట్టె 16న పెర్త్ చేరితే తెరిచింది 25న. గుళిక పోయిన సంగతి ఆ తొమ్మిది రోజులూ బయటపడలేదు. గుళిక రోడ్డు పక్కన దొరికేసరికి ఫిబ్రవరి 1.

మన విద్యాసంస్థల్లో కొనుగోలు ఫైలుకున్న మర్యాద స్టాకు రిజిస్టరుకు లేదు. 2010లో ఢిల్లీ మాయాపురి తుక్కు దుకాణంలో ఒకరి ప్రాణం తీసిన కోబాల్ట్-60, విశ్వవిద్యాలయం వేలంలో అమ్మేసిన పాత యంత్రంలోది. పీ-32 దాదాపు 14 రోజులకోసారి సగమవుతూ పోతుంది, మరిచినా కొంత కాలానికి తానే చల్లారుతుంది. సీజియం సగమవడానికే 30 ఏళ్లు కావాలి. ఈలోగా దాన్ని తెప్పించిన ప్రొఫెసరు రిటైరవుతారు, బీరువా తాళం చేతులు మారుతుంది. అందుకే పెట్టె కదలక ముందే అందుకునేవారి పేరు, ఫోన్ నంబరు పత్రంలో ఉండాలి. అదే రోజు సాయంత్రానికి అందుకున్న చోటి రేడియేషన్ రీడింగు తిరిగి రాకపోతే పంపినవారే ఫోన్ చేయాలి.