పరీక్షించింది ఏ ఆకుని?

మూలికల్లో సీసం, కాడ్మియం లాంటి విష లోహాలు కొలవడంపై మీరు రాసిన వ్యాసం బాగుంది. కానీ "పరిమితిలోపే ఉన్నాయి" అన్నచోట ఆపేశారు. కొన్నాళ్లు ల్యాబ్‌లో పనిచేసినవాడిగా నాకు అక్కడే అనుమానం.

మన ఆయుర్వేద ఫార్మకోపియా (మందుల ప్రమాణాల అధికారిక గ్రంథం) ప్రకారం సీసం 10 పీపీఎం, ఆర్సెనిక్ 3, పాదరసం 1, కాడ్మియం 0.3 దాటకూడదు. 10 పీపీఎం అంటే గ్రాముకి 10 మైక్రోగ్రాములు. రోజూ మూడు గ్రాముల చూర్ణం మింగితే 30 మైక్రోగ్రాముల సీసం లోపలికి పోయినట్టే. అదే ఆకు కషాయం కాస్తే లోహమంతా నీళ్లలోకి దిగదు, చాలావరకు పిప్పిలోనే ఉండిపోతుంది. ఈ తేడా వ్యాసంలో ఎక్కడా లేదు.

ఇంకోటి, శాంపిల్. గుంటగలగర మురుగు కాలవ గట్టునా పెరుగుతుంది, పొలం గట్టునా పెరుగుతుంది. రెండింటి రిపోర్టూ ఒకేలా వస్తుందా? వేర్లయితే మట్టి సరిగ్గా కడక్కపోతే మొక్కలోని లోహంతో పాటు మట్టిలోదీ కొలిచేస్తాం. స్టీలు మిక్సీలో పొడి చేస్తే క్రోమియం, నికెల్ అదనం! నైట్రిక్ యాసిడ్‌లో కరిగించి ఐసీపీ-ఎంఎస్ అనే లోహాలు కొలిచే యంత్రంలో పెట్టేదాకా వచ్చాక యంత్రం చెప్పేది నిజమే, మనం ఇచ్చిందే తప్పు.

బోస్టన్ ప్రాంతంలో కొన్న 70 ఆయుర్వేద మందుల్లో పద్నాలుగింటిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో కనీసం ఒకటి బయటపడిందని అమెరికా పరిశోధకులు 2004లో ప్రకటించారు. ఆ గొడవ తర్వాతే ఇక్కడ ఎగుమతి మూలికా మందులకి పరీక్ష తప్పనిసరి చేశారు.

మీరు పరీక్షించిన ఆకులు ఎక్కడ కోసినవో, కడిగారో లేదో చెప్పగలరా?