టార్చిలైటు వేసి లేపే భక్తి

చిత్తూరులో సాతానుకు రోజులు దగ్గరపడ్డాయి. మా సంఘంవాళ్లు టార్చిలైటు కొన్నారు.

శుక్రవారం రాత్రి పదికి మొదలయ్యే ఆల్ నైట్ ప్రేయర్‌లో ఎవరైనా కునికితే చాలు, ఒక పెద్దన్న పిల్లిలా వచ్చి సరిగ్గా కంటిరెప్పల మీద లైటు వేసి, "బ్రదర్, ప్రభువు ఈ క్షణమే వస్తే?" అని అడిగి, నోటుబుక్కులో పేరు రాసుకుంటాడు. మనం ఉలిక్కిపడి పక్కవాడి తొడ మీద చరిచి హల్లెలూయా అంటాం. మొన్న ఒక తాత కళ్లు తెరవకుండానే "పలమనేరు వచ్చేసిందా నాయనా?" అన్నాడు. లేపి నిలబెట్టారు. నిలబడే మళ్లీ నిద్రపోయాడు, అది ఆయనకున్న కృపావరం.

బైబిల్లో మత్తయి సువార్త 25లో పెళ్లికొడుకు కోసం దీపాలతో ఎదురుచూస్తూ పదిమంది కన్యకలూ కునికి నిద్రపోయారు, బుద్ధిగల అయిదుగురితో సహా. తేడా వచ్చింది సిద్దెల్లో తెచ్చుకున్న దీపాల నూనె దగ్గర. మా పెద్దన్న అక్కడుంటే పదిమందినీ వరసగా నిలబెట్టేసి నూనె సంగతి అడగడమే మరిచిపోయేవాడు. త్రోయ అనే ఊళ్లో అపొస్తలుడు పౌలు అర్ధరాత్రి దాకా ప్రసంగిస్తుంటే కిటికీలో కూర్చున్న ఐతుకు అనే కుర్రాడు నిద్రపట్టి మూడో అంతస్తు నుంచి పడ్డాడు. పౌలు దిగివచ్చి కౌగిలించుకున్నాడే గానీ పేరు రాసుకోలేదు.

పోయిన వారం లైటు ఒక అక్క మీద పడింది. భర్త లేడు. తోతాపురి సీజను కదా, పగలంతా గుజ్జు ఫ్యాక్టరీలో నిలబడి కాయలు కోసి, పిల్లలకు ఇంత సంగటి పెట్టి వచ్చింది. "సాతాను నిద్రపుచ్చుతున్నాడక్కా, లేచి నిలబడు" అన్నాడు. రెండేళ్ల కిందట ఆమె పాడుకున్న చీటీ డబ్బు ఇవ్వకుండా, అడిగినప్పుడల్లా "దాని గురించే ప్రార్థన చేస్తా ఉండానక్కా" అంటున్న మనిషి కూడా ఈయనే. ఎవరిని మింగుదామా అని సింహంలా తిరిగేవాడున్నాడు, మెలకువగా ఉండండి అని రాసింది పేతురు, గెత్సేమనే తోటలో యేసు మెలకువగా ఉండమన్న రాత్రి తనే నిద్రపోయినవాడు. మింగినవాడు మా వరసల మధ్యే టార్చి పట్టుకుని తిరుగుతుంటే మేమందరం కళ్లు బాగా తెరుచుకునే కూర్చున్నాం, ఒక్కరం నోరెత్తలేదు, థూ, నాతో సహా. విధవరాళ్ల ఇళ్లు దిగమింగి దీర్ఘప్రార్థనలు చేసేవాళ్ల గురించి యేసు అన్న మాట మార్కు 12లో ఉంది. ఆ రాత్రి అంతసేపు చదివారు గానీ, ఆ పేజీ జోలికి మాత్రం పోలేదు.

ఆ అక్క మొహం కడుక్కొచ్చి నిలబడింది, నాలుగింటి దాకా.

టార్చికి కొత్త సెల్లులు వేశారట, కానుకల సంచిలోంచి తీసి. అందులో ఆమె వేసిన పది రూపాయలు కూడా ఉన్నాయి.