మాస్కో ఏకగ్రీవం

భారత పురుషుల బాస్కెట్‌బాల్ జట్టు ఒలింపిక్స్‌లో ఆడింది ఒకే ఒక్కసారి, 1980లో, మాస్కోలో. ఈ సంగతి చాలామందికి తెలియదు. తెలిసిన కొద్దిమంది కూడా గొంతు తగ్గించి చెప్తారు. అంత మొహమాటం అక్కర్లేదని నా మనవి. ఆ ఒక్కసారి మనం అక్కడికి ఎట్లా చేరామో ప్రభుత్వం శ్రద్ధగా అధ్యయనం చేసి, దాన్నే జాతీయ బాస్కెట్‌బాల్ విధానంగా ప్రకటించాలి. మైదానాలు, కోచ్‌లు, బూట్లు, బంతులు లాంటి అనవసర ఖర్చులు పూర్తిగా తప్పుతాయి.

జరిగింది ఇది. 1979 డిసెంబర్‌లో సోవియట్ సైన్యం అఫ్గానిస్థాన్‌లో దిగింది. అమెరికాకు కోపం వచ్చింది. మరుసటి ఏడాది మాస్కో ఒలింపిక్స్‌కు పోయేది లేదని తేల్చి చెప్పింది. ఆ పిలుపు విని కొన్ని, సొంత ఇబ్బందులతో కొన్ని, మొత్తం 60కి పైగా దేశాలు ఇంటి దగ్గరే ఉండిపోయాయి. ఆసియా బాస్కెట్‌బాల్‌లో ఎప్పుడూ మనకు అడ్డం నిలబడే చైనా, జపాన్, దక్షిణ కొరియా, ఫిలిప్పీన్స్ నాలుగూ ఆ జాబితాలోనే ఉన్నాయి. ఖాళీ అయిన కుర్చీలోకి మనల్ని రమ్మన్నారు. మనం పోయాం.

ఢిల్లీవాళ్లు దీన్ని అదృష్టం అనుకుంటే అనుకోనివ్వండి. ఉత్తర తెలంగాణలో పుట్టి పెరిగినవాడికి మాత్రం చూడగానే అర్థమైపోతుంది. ఇది ఏకగ్రీవం.

మా వైపు సర్పంచ్ ఎన్నిక ఏకగ్రీవం కావడం అంత తేలికైన పని కాదు. నామినేషన్లు పడ్డ రోజు రాత్రి ఊరి పెద్దలు, కులసంఘాల పెద్దలు కూర్చుంటారు. ఒకాయన గుడి కట్టిస్తానంటాడు. ఇంకొకాయన బొడ్రాయి పండుగ ఖర్చంతా తనదేనంటాడు. కోతుల బెడద తీరుస్తానని మాట ఇచ్చే సాహసవంతులు కూడా ఉంటారు. అలిగినవాణ్ని బావమరిదితో చెప్పిస్తారు, అప్పుడూ వినకపోతే అత్తగారింటి నుంచి ఫోన్ చేయిస్తారు. విత్‌డ్రా గడువు ముగిసేసరికి ఒక్క నామినేషనే మిగులుతుంది. డప్పులు మోగుతాయి, గులాల్ ఎగురుతుంది. మిగిలినాయన పనిమంతుడా కాదా అని ఎవరూ అడగరు. పైగా ఏకగ్రీవమైన పంచాయతీలకు సర్కారు నజరానా కూడా ప్రకటిస్తుంది. ఆ నజరానా చేతికి ఎప్పుడొస్తుందనేది వేరే ముచ్చట.

మాస్కోలో వచ్చిన చిక్కల్లా ఏకగ్రీవం అసంపూర్తిగా మిగిలిపోవడమే. మనం కాక ఇంకో 11 జట్లు విత్‌డ్రా చేసుకోకుండా వచ్చేశాయి. సోవియట్ యూనియన్ మన మీద 121-65తో గెలిచింది. బ్రెజిల్ 137-64తో గెలిచింది. ఏడు మ్యాచ్‌లు ఆడాం, ఏడూ ఓడాం, 12 జట్లలో 12వ స్థానం. అంకెలను గౌరవంగా చదవడం మనం ఇంకా నేర్చుకోలేదు. ఒలింపిక్స్‌లో 12వ స్థానం అంటే మాటలా? ప్రపంచ స్థాయి పోటీల్లో మన పురుషుల జట్టుకు అంతకన్నా మంచి స్థానం మళ్లీ రాలేదు. అంతకన్నా చెడ్డ స్థానం కూడా రాలేదు. ప్రపంచకప్‌కు ఇప్పటిదాకా ఒక్కసారైనా అర్హత సాధించలేదు కాబట్టి ఏ స్థానమూ వచ్చే అవకాశం లేకపోయింది. 1975లో బ్యాంకాక్‌లో జరిగిన ఆసియా చాంపియన్‌షిప్‌లో నాలుగో స్థానం దక్కిన మాట నిజమే. అది మామూలుగా ఆడి తెచ్చుకున్నది. నా వాదనకు పనికిరాదు, వదిలేస్తున్నాను.

ఒక మాట మాత్రం సూటిగా చెప్పాలి. మాస్కోలో ఆడినవాళ్ల మీద నాకు ఎగతాళి లేదు. అంత పెద్ద జట్ల ముందు నిలబడి అజ్మీర్ సింగ్ మన తరఫున పాయింట్లు రాబట్టాడు, 1982లో అర్జున అవార్డు అందుకున్నాడు. వాళ్లకు అందిన అవకాశాన్ని వాళ్లు ఆడారు. ఆ తర్వాత 40 ఏళ్లకు పైగా అందని అవకాశం సంగతే ఇక్కడ చర్చ.

విధానంలో లోపం లేదనడానికి మాస్కోలోనే రుజువులున్నాయి. అదే ఒలింపిక్స్‌లో పురుషుల హాకీకి ఆరే జట్లు వచ్చాయి, మనకు ఎనిమిదో స్వర్ణం వచ్చింది. మహిళల హాకీలో ఖాళీలు నింపడానికి చివరి నిమిషంలో జింబాబ్వేను పిలిచారు. వాళ్లు హడావుడిగా జట్టు కూర్చుకుని పోయి స్వర్ణం పట్టుకొచ్చారు. విత్‌డ్రాలు సరిపడా ఉంటే ఫలితం ఎట్లా ఉంటుందో చూశారుగా! బాస్కెట్‌బాల్‌లో బుజ్జగింపులు కాస్త గట్టిగా జరిగి ఉండాల్సింది. ఆతిథ్య సోవియట్ జట్టే కాంస్యంతో సరిపెట్టుకుని స్వర్ణాన్ని యుగోస్లావియాకు వదులుకుందంటే, ఎవరెవరితో ముందుగా మాట్లాడాలో వాళ్లకూ తెలియలేదన్నమాట.

ఇక్కడ కొందరు మేధావులు లేచి, ఇదంతా ఎందుకండీ, మనవాళ్లు పొట్టి, అందుకే ఈ ఆట మనకు రాదు, అంటారు. ఈ వాదన నాకు చాలా ఇష్టం. ఇందులో ఎవరి తప్పూ ఉండదు. కానీ ఫిలిప్పీన్స్‌వాళ్లు మనకన్నా పొడుగేమీ కాదు, 1954 ప్రపంచ చాంపియన్‌షిప్‌లో మూడో స్థానం తెచ్చుకున్నారు. పొడుగువాళ్లు మనకు లేకపోలేదు కూడా. పంజాబ్ పల్లెటూరి నుంచి ఏడడుగుల రెండంగుళాల సత్నామ్ సింగ్ అమెరికా పోయి, అక్కడి ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏ జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే 2015 డ్రాఫ్ట్‌లో డల్లాస్ మావెరిక్స్‌కు 52వ పేరుగా ఎంపికయ్యాడు. ఎన్‌బీఏ సీజన్‌లో ఒక్క మ్యాచ్ దక్కలేదు, తర్వాత ప్రొఫెషనల్ రెజ్లింగ్‌లోకి వెళ్లిపోయాడు. మా దగ్గరైతే పొడుగు పిల్లవాడు అంత దూరం పోనక్కర్లేదు. ఎత్తు 167.6 సెంటీమీటర్లు దాటగానే ఇంట్లోవాళ్లు కానిస్టేబుల్ సెలక్షన్‌కు పనికొస్తాడని తీర్మానిస్తారు. ఇంకా పెరిగితే వినాయక చవితికి సీరియల్ లైట్లు కట్టడానికి పిలుస్తారు.

జనాభా చాలదని కూడా అనలేం. లిథువేనియా మొత్తం జనాభా 30 లక్షలు నిండదు. 2011 లెక్కల్లో మా ఉమ్మడి వరంగల్ జిల్లా జనాభా 35 లక్షలు. ఆ దేశం 1992, 1996, 2000 ఒలింపిక్స్‌లో పురుషుల బాస్కెట్‌బాల్‌లో వరుసగా మూడు కాంస్యాలు గెలిచింది. మేమేం తక్కువ తినలేదు. ఒక జిల్లాను హనుమకొండ, వరంగల్, జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి, ములుగు అని ఆరు చేసుకున్నాం. ఆరుగురు కలెక్టర్లు, ఆరు కలెక్టరేట్లు. క్రీడల శాఖకు ఆరు బోర్డులు రాయించారు. లిథువేనియాకు ఇప్పటికీ ఒకటే దేశం, పాపం.

కోర్టులు లేవనే మాట మాత్రం నేను ఒప్పుకోను. మా వైపు చాలా బడుల్లో, కాలేజీల్లో ఉన్నాయి. నిబంధనల ప్రకారం 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు, సాపుగా సిమెంటు. ఊళ్లో ఇంత సాపు నేల ఇంకెక్కడా దొరకదు. దొరికిన నేలను జనం ఖాళీగా ఉంచుతారా? చవితికి మండపం, ఆ వెంటనే బతుకమ్మ. కోతలు మొదలైతే మిర్చి ఆరబోస్తారు, ఎనుమాముల మార్కెట్‌కు పోయేదాకా ఆ ఎరుపు మీద ఎవరూ కాలు పెట్టరాదు. పెళ్లిళ్ల సీజన్‌లో దావత్ టెంట్లు. ఎలక్షన్ వస్తే సిబ్బంది బస్సులు. ఒక పోలుకు బోర్డు ఉంటుంది, రింగు ఉండదు. ఎదుటి పోలుకు రింగు ఉంటుంది, బోర్డు ఉండదు. నెట్ గురించి అడిగినవాణ్ని కొత్తవాడనుకుంటారు. రింగు నేల నుంచి పది అడుగుల ఎత్తులో ఉండాలని రూల్. మైకు హారన్ కట్టడానికి కూడా అదే సరైన ఎత్తు కావడం మన అదృష్టం. ఇక గేమ్స్ పీరియడ్ ఎప్పుడో లెక్కల సార్ ఖాతాలో జమైంది. హాస్టల్ కిటికీలోంచి కోర్టును చూస్తూ ఇంటర్ పిల్లలు ఫిజిక్స్‌లో ప్రక్షేపక గమనం చదువుకుంటారు. బంతి ఏ కోణంలో విసిరితే ఎంత దూరం పోతుందో వాళ్లకు కాగితం మీద తెలుసు. మార్కులు కూడా వస్తాయి.

ఇంత సాఫీగా నడుస్తున్న వ్యవస్థలో ఒకసారి పెద్ద క్రమశిక్షణ ఉల్లంఘన జరిగింది. 2014 జులైలో వూహాన్‌లో ఆసియా కప్. అమెరికన్ కోచ్ స్కాట్ ఫ్లెమింగ్ చేతిలో తయారైన మన జట్టు చైనాను చైనా గడ్డ మీదే 65-58తో ఓడించింది. చైనా విత్‌డ్రా చేసుకోలేదు. వచ్చింది, ఆడింది, ఓడింది. అదే టోర్నీలో మన సిక్కు ఆటగాళ్లు అమృత్‌పాల్ సింగ్, అమ్‌జ్యోత్ సింగ్‌లను తలపాగాలు తీసేసి ఆడమన్నారు. ఆ నిబంధనను అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫిబా మార్చుకోవడానికి 2017 దాకా పట్టింది. అవన్నీ దాటుకుని గెలవడం అంటే ఆటగాళ్లు ఎంత మొండిగా ఉన్నారో ఊహించండి. ఇట్లాంటి గెలుపులు అలవాటైతే రేపు జనం కోర్టులడుగుతారు, రింగులడుగుతారు, నెట్లు కూడా అడుగుతారు.

పెద్దలు వెంటనే మేల్కొన్నారు. తొమ్మిది నెలలు తిరక్కుండానే, 2015 మార్చిలో, బాస్కెట్‌బాల్ ఫెడరేషన్ రెండు ముక్కలైంది. రెండు చోట్ల ఎన్నికలు, ఇద్దరు అధ్యక్షులు. ఎవరు అసలు, ఎవరు నకలు అనే పంచాయితీ నడిచింది. ఫిబా ఒక వర్గాన్ని గుర్తించేదాకా చైనా మీద గెలిచిన సంగతి గుర్తుచేసుకునే తీరిక ఎవరికీ లేకపోయింది. ఇంత వేగంగా జరిగిన దిద్దుబాటు మన క్రీడా పాలనలో ఇంకెక్కడైనా ఉంటే చెప్పండి.

ఆ తర్వాత పరిస్థితి మళ్లీ దారిలో పడింది. 2025 ఆగస్టులో జెడ్డాలో ఆసియా కప్. జోర్డాన్‌తో మనవాళ్లు ఓవర్‌టైమ్ దాకా పోరాడి ఓడారు. చైనాతో, సౌదీతో కూడా ఓడి ఇంటికొచ్చారు. విశ్లేషకులు రీబౌండ్లు, టర్నోవర్లు అని ఏవేవో చెప్పారు. అసలు కారణం వేరే. ఆ టోర్నీకి పిలిచిన 16 జట్లూ వచ్చాయి. ఒక్కటంటే ఒక్కటి ఇంటి దగ్గర ఉండలేదు. దానికి తోడు 2017 నుంచి ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లను ఆసియా కప్‌లో కలిపేశారు. శివారు గ్రామాన్ని తెచ్చి మన పంచాయతీలో కలిపితే ఏకగ్రీవం ఎట్లా అవుతుంది? ఆస్ట్రేలియా అప్పటి నుంచి మూడు కప్పులకు మూడూ పట్టుకుపోయింది.

అందుకే నా ప్రతిపాదన. బాస్కెట్‌బాల్‌ను క్రీడల శాఖ నుంచి తప్పించి విదేశాంగ శాఖకు అప్పగించాలి. దాని కింద ఒక బుజ్జగింపుల కమిటీ వేయాలి. కమిటీలో మాజీ ఆటగాళ్లు వద్దు, వాళ్లు ఆట గురించి మాట్లాడతారు. మా ఉమ్మడి జిల్లాలో కనీసం ఒక ఏకగ్రీవం చేయించిన అనుభవం ఉన్న పెద్దమనుషులను తీసుకోవాలి. వాళ్లు వరంగల్ దర్రీలు, చపాటా మిర్చి పట్టుకుని దేశదేశాలు తిరుగుతారు. జపాన్‌కు ఏం కావాలో అడుగుతారు. ఇరాన్ అలిగితే బావమరిది ఎవరో కనుక్కుంటారు. కోతుల హామీ మాత్రం ఏ దేశానికీ ఇవ్వకూడదు, అది మనకే నెరవేరలేదు.

2036 ఒలింపిక్స్ మన దేశానికే వస్తే ఆతిథ్య జట్టుగా చోటు దానంతట అదే దొరుకుతుంది కదా అని కొందరి ధీమా. మరీ అంత ధీమా పనికిరాదు. 2012కు ముందు బ్రిటన్‌ను కూడా ఫిబా, మీ జట్టు నిలబడగలదా అని తర్కించి, ఓటింగ్ పెట్టిగానీ చోటివ్వలేదు. కమిటీ పని అప్పుడూ ఉంటుంది.

ఈ ప్రతిపాదనను హనుమకొండ స్టేడియంలో పొద్దున నడకకు వచ్చే ఒక రిటైర్డ్ పీఈటీ సార్‌కు వినిపించాను. ఆయన మెడలో ఇప్పటికీ విజిల్ ఉంటుంది, ఊదడానికి పిల్లలు లేరు. ఓపిగ్గా విన్నారు.

"అంతా మంచిగనే ఉంది తమ్మీ," అన్నారు. "చైనాను ఆపుతవు, జపాన్‌ను ఆపుతవు, ఆస్ట్రేలియాను కూడ కూసోబెడతవు. ఒక్క నామినేషనే మిగిలింది అనుకున్నంక, మన ఫెడరేషన్ నుంచే ఇంకో అధ్యక్షుడు ఇంకో జట్టును తోలుకొస్తే ఏం జేస్తవ్?"

కాబట్టి ప్రతిపాదనలో చిన్న సవరణ. బుజ్జగింపుల కమిటీ మొదటి టికెట్లు మన ఫెడరేషన్ ఆఫీసుకే బుక్ చేయాలి. బీజింగ్ సంగతి తర్వాత చూసుకోవచ్చు.