తల్లి కాగితాలు అడిగే చట్టం

2025 జనవరి 20న రెండోసారి అధ్యక్ష పీఠమెక్కిన రోజే డొనాల్డ్ ట్రంప్ సంతకం చేసిన ఉత్తర్వుల్లో ఒకటి పురిటి గది గుమ్మంలో నిలబడి రెండు ప్రశ్నలు అడుగుతుంది. తల్లి ఏ కాగితం మీద అమెరికాలో ఉంది? తండ్రి అమెరికా పౌరుడా, కనీసం గ్రీన్‌కార్డు ఉన్నవాడా? తల్లి అక్రమంగా ఉన్నా, చదువు వీసా, ఉద్యోగ వీసాల మీద సక్రమంగానే ఉన్నా, తండ్రికి ఆ రెండూ లేకపోతే బిడ్డ అమెరికన్ కాదని ఆ ఉత్తర్వు సారాంశం. మూడు రోజులు తిరగకుండానే సియాటిల్‌లో ఫెడరల్ న్యాయమూర్తి జాన్ కఫెనవర్ ఇది పచ్చి రాజ్యాంగ విరుద్ధమంటూ ఆపేశారు. దేశమంతటికీ వర్తించేలా కింది కోర్టులు స్టే ఇవ్వవచ్చా అన్న పక్కదారిలో కొన్ని నెలలు గడిచాక, అసలు ప్రశ్నను తేల్చడానికి సుప్రీంకోర్టు 2025 డిసెంబరులో ఒప్పుకుంది.

అందరూ దీన్ని వలసల గొడవగానే చూస్తున్నారు. కానీ అమెరికా గడ్డమీద పుడితే చాలు పౌరసత్వమన్న ఈ హక్కు వలస వచ్చినవాళ్ల కోసం పుట్టింది కాదు. సంకెళ్లతో తెచ్చిన మనుషుల పిల్లల కోసం పుట్టింది.

1662లో వర్జీనియా వలస రాజ్యం ఒక చిన్న చట్టం చేసింది. ఇంగ్లిష్ మగవాడికీ నల్లజాతి స్త్రీకీ పుట్టిన బిడ్డ బానిసా, స్వేచ్ఛాజీవా అన్న సందేహం అప్పుడు వాళ్లకు వచ్చింది. ఇంగ్లండు ఆనవాయితీలో బిడ్డది తండ్రి హోదా. అదే పాటిస్తే యజమానులు కన్న బిడ్డలు స్వేచ్ఛ అడుగుతారు. అందుకని లెక్క తిరగేశారు: తల్లి బానిసైతే బిడ్డా బానిసే. ఆ ఒక్క వాక్యంతో ఆడ బానిస కడుపు కూడా యజమాని ఆస్తి పద్దులో చేరిపోయింది. ఈ నియమం దక్షిణాది రాష్ట్రాల్లో రెండు వందల ఏళ్లు చెల్లింది.

మిస్సోరీలో బానిసగా ఉన్న డ్రెడ్ స్కాట్, సైనిక వైద్యుడైన యజమాని వెంట బానిసత్వం లేని ఇల్లినాయ్‌లోనూ, నేటి మిన్నెసోటాలోని ఫోర్ట్ స్నెల్లింగ్‌లోనూ ఏళ్ల తరబడి గడిపాడు. ఆ కారణం చూపి 1846లో అతనూ, భార్య హారియెట్టూ స్వేచ్ఛ కోసం సెయింట్ లూయిస్‌లో కోర్టుకెక్కారు. చివరికి 1857 మార్చి 6న సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి రోజర్ టానీ తీర్పు చదివారు. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ల సంతతి, స్వేచ్ఛ పొందినవారైనా సరే, అమెరికా పౌరులు కాలేరన్నారు. రాజ్యాంగం రాసిన నాటికి వాళ్లకు తెల్లవాడు గౌరవించి తీరాల్సిన హక్కులేవీ లేవన్నారు. అది చరిత్రగా చూసినా తప్పేనని, ఆ రోజుల్లో ఐదు రాష్ట్రాల్లో స్వేచ్ఛ ఉన్న నల్లవారు ఓటు వేశారని జస్టిస్ బెంజమిన్ కర్టిస్ భిన్న తీర్పులో ఎత్తిచూపారు. స్కాట్‌ను కొత్త యజమాని విడిచిపెట్టాడు. ఏడాదిన్నరైనా తిరక్కుండా అతను క్షయతో పోయాడు.

అంతర్యుద్ధం ముగిశాక 1866లో కాంగ్రెస్ పౌరహక్కుల చట్టం తెచ్చి, ఇక్కడ పుట్టినవాళ్లు పౌరులేనంది. అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ వీటో చేశాడు. ఆ వీటోను తోసిపుచ్చి చట్టాన్ని నిలబెట్టినా కాంగ్రెస్‌కు ధైర్యం చాలలేదు, రేపు వచ్చే కాంగ్రెస్ దాన్ని రద్దు చేయవచ్చు కదా. అందుకే ఆ మాటను రాజ్యాంగంలోకే ఎక్కించారు. 1868 జులైలో ఆమోదం పొందిన 14వ సవరణ మొదటి వాక్యం అదే: అమెరికాలో పుట్టి, దాని అధికార పరిధికి లోబడిన వాళ్లంతా పౌరులు. అందులో తల్లి ఊసు లేదు, తండ్రి ఊసూ లేదు. ఉంటే ఏమయ్యేదో 1850, 1860 జనాభా లెక్కలు చూస్తే తెలుస్తుంది. బానిసల పట్టికల్లో మనుషులకు పేర్లుండవు. యజమాని పేరు, దాని కింద వయసు, ఆడో మగో, రంగు, అంతే. అలాంటివాళ్లను మీ అమ్మానాన్నల హోదా రుజువు చేసుకోమంటే లక్షల మంది మళ్లీ ఎవరికీ కానివాళ్లుగా మిగిలేవారు.

అక్రమంగా వచ్చినవాళ్ల పిల్లల గురించి సవరణ రాసినవాళ్లు ఆలోచించలేదన్న వాదన ఇప్పుడు గట్టిగా వినిపిస్తోంది. కానీ అక్రమంగా వచ్చిపడ్డవాళ్లు ఆ రోజుల్లోనూ ఉన్నారు. విదేశాల నుంచి బానిసల దిగుమతిని అమెరికా 1808 నుంచే నిషేధించింది. అయినా దొంగచాటు రవాణా ఆగలేదు. 1860లో క్లోటిల్డా అనే ఓడ వందమందికి పైగా ఆఫ్రికన్లను అలబామాలోని మొబీల్‌కు చేర్చింది. సాక్ష్యం దొరకకూడదని కెప్టెన్ విలియం ఫోస్టర్ ఓడను తగలబెట్టాడు. దాని శిథిలాలను 2019లో గానీ నిర్ధారించలేకపోయారు. ఆ ఓడలో వచ్చినవాళ్లు విడుదలయ్యాక ఆఫ్రికాటౌన్ అనే ఊరు కట్టుకున్నారు. చట్టం ప్రకారం వాళ్ల రాకే అక్రమం. అయినా వాళ్ల పిల్లల పౌరసత్వాన్ని 14వ సవరణ కాదనలేదు. ఇక చైనీయుల సంగతి సెనేట్ చర్చలోనే వచ్చింది. వాళ్ల పిల్లలు కూడా పౌరులేనా అని పెన్సిల్వేనియా సభ్యుడు ఎడ్గర్ కోవన్ నిలదీస్తే, ఐర్లండ్‌లో పుట్టి కాలిఫోర్నియాకు ప్రాతినిధ్యం వహించిన జాన్ కానెస్ అవునన్నారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో చైనా తల్లిదండ్రులకు పుట్టిన వాంగ్ కిమ్ ఆర్క్ కేసులో 1898లో సుప్రీంకోర్టు చెప్పిందీ అదే. వాంగ్ తల్లిదండ్రులు ఇక్కడ స్థిరనివాసులని, తాత్కాలిక వీసాదారులు కారని ట్రంప్ ప్రభుత్వం అంటోంది. నిజమే, స్థిరనివాసులే. కానీ ఆ తీర్పు తీసిన మినహాయింపులు దౌత్యవేత్తలు, ఆక్రమణ సైన్యాలు, తమ తెగల పాలనలో ఉన్న ఆదివాసులు లాంటివే. (ఆ ఆదివాసులందరికీ పౌరసత్వం రావడానికి 1924 దాకా పట్టింది. ఈ కథలో మచ్చ అది.)

హెచ్‌1బీ మీద పదేళ్లకు పైగా పనిచేస్తూ, పన్నులు కడుతూ, ఒక్కో దేశానికి 7 శాతమన్న పరిమితి వల్ల గ్రీన్‌కార్డు వరుసలో ఎదురుచూస్తున్న తెలుగు కుటుంబాలూ ఈ ఉత్తర్వు కింద ‘తాత్కాలికులే’. మేం చట్టబద్ధంగా వచ్చాం, మా పిల్లల్ని మినహాయిస్తే చాలు అనే గొంతులు మనవాళ్లలో లేకపోలేదు. ఆ గొంతులతో మేం ఏకీభవించం. తల్లి హోదాను బట్టి బిడ్డను లెక్కగట్టడం ఒకసారి ఒప్పుకుంటే ఏ తల్లి దగ్గర గీత గీయాలన్నది ప్రభుత్వం ఇష్టమవుతుంది. మనకోసం రాయని రాజ్యాంగ వాక్యం నీడలో మన పిల్లలు పెరుగుతున్నారు. ఆ వాక్యాన్ని ముక్కలు చేసి వాటా అడిగే హక్కు మనకు లేదు.

ఇంటి సంగతీ చెప్పుకోవాలి. 1947 ఏప్రిల్‌లో రాజ్యాంగ సభలో పౌరసత్వంపై చర్చ జరిగినప్పుడు సర్దార్ పటేల్ సంకుచిత దృష్టి వద్దన్నారు. దక్షిణాఫ్రికాలో పుట్టిన భారతీయులకు అక్కడి జాతీయత కావాలని మనమే అడుగుతున్నాం కదా అని గుర్తుచేశారు. ఆ భారతీయుల్లో 1860 నుంచి మద్రాసు రేవులో ఓడలెక్కి నేటాల్ చెరకు తోటలకు కూలికి పోయిన తెలుగువాళ్ల మనవలు, మునిమనవలు ఉన్నారు. 1955 పౌరసత్వ చట్టం కూడా ఇక్కడ పుడితే చాలంది. 1987 జులై నుంచి అమ్మానాన్నల్లో ఒకరైనా పౌరులై ఉండాలన్నాం. 2004 డిసెంబరు 3 నుంచి పుట్టినవారి విషయంలో, ఒకరు పౌరులైనా రెండోవారు అక్రమ వలసదారు కాకూడదన్నాం. ఈ చివరి సవరణ మీద పార్లమెంటు మళ్లీ చర్చ పెట్టాలి.