మూడు సున్నాలు, ఒక చిన్న ఫ్రిజ్జు

జూదశాలల మీద ఉన్నన్ని అపవాదులు లోకంలో ఇంకే వ్యాపారం మీదా లేవు. ధర్మరాజు దగ్గర్నుంచి ఇప్పటిదాకా అందరూ తామే వెళ్ళి కూర్చుని, తామే ఆడి, ఓడిపోయాక తప్పు పాచికల మీదకు తోసినవాళ్ళే. నేను తణుకు చుట్టుపక్కల జిల్లా పరిషత్ బడుల్లో ముప్పై నాలుగేళ్ళు లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి. రుజువు చూపించనిదే ఏదీ ఒప్పుకోను. అందుకే మొన్న అక్టోబరులో ఫీనిక్స్‌లో ఉండే మా అబ్బాయి "నాన్నా, లాస్ వేగాస్‌లో కొత్త క్యాసినో హోటల్ తెరిచారు, చాలా రిచ్‌గా ఉందట, రెండు రాత్రులు ఉండి, వచ్చే దారిలో గ్రాండ్ కాన్యన్ చూసొద్దాం" అన్నప్పుడు, ఈ అపవాదు సంగతేమిటో విచారించాలనే ఒప్పుకున్నాను. మా ఆవిడ గ్రాండ్ కాన్యన్ కోసం ఒప్పుకుంది. ఆవిడకు నా విచారణల మీద నమ్మకం లేదు.

విచారణలో తేలింది ముందే చెప్పేస్తాను, తీరిక లేనివాళ్ళు ఇక్కడితో ఆపేయొచ్చు. క్యాసినో నిర్దోషి. ఆ భవనం మొత్తంలో ఉన్నది ఉన్నట్టు చెప్పి డబ్బు తీసుకునే చోటు అదొక్కటే. అసలు జూదం నడిచేది పైన, పడకగదిలో.

ఊరి సంగతి కొంచెం చెప్పాలి. నెవాడా రాష్ట్రం జూదాన్ని చట్టబద్ధం చేసింది 1931లో, ఆర్థిక మాంద్యం రోజుల్లో. ఎడారిలో ఇంకో పంట పండదు కదా మరి. మనం ఫొటోల్లో చూసే పెద్ద హోటళ్ళ వీధిని స్ట్రిప్ అంటారు. అది చాలావరకు లాస్ వేగాస్ నగరంలోనే లేదు, ప్యారడైజ్ అనే పక్క ఊళ్ళో ఉంది. నగరం తమను కలిపేసుకుని పన్నులు వేస్తుందేమోనని క్యాసినోల వాళ్ళు 1950లో ఆ ఊరిని విడిగా ఏర్పాటు చేయించుకున్నారు. పేరు నగరానిది, పన్ను మాత్రం నగరానికి కాదు. మనకు తెలిసిన ప్యారడైజ్ సికింద్రాబాద్‌లో ఉంది. అక్కడ బస్సు దిగితే కనీసం బిర్యానీ వాసన వస్తుంది. ఇక్కడ తలుపు తీయగానే సెంటు వాసన, దాని అడుగున సిగరెట్టు వాసన. లోపల పొగ తాగకూడదని నెవాడాలో 2006లో చట్టం తెచ్చారు గానీ, క్యాసినో హాళ్ళను మాత్రం వదిలేశారు. ఆ పొగ నుంచి మినహాయింపు మాత్రం పొగ తాగని నాకూ, ఉబ్బసం ఉన్న నా మనవడికీ దొరకలేదు.

కౌంటర్లో అమ్మాయి చాలా మర్యాదస్తురాలు. గది అద్దె రోజుకు 189 డాలర్లు, రిసార్టు ఫీజు 55, రెండింటి మీదా 13.38 శాతం పన్ను. "రిసార్టు ఫీజు దేనికమ్మా?" అన్నాను. వైఫై, జిమ్, ఎన్నైనా లోకల్ ఫోన్ కాల్స్ అంది. లాస్ వేగాస్‌లో నాకు తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు. ఆ లేనివాళ్ళతో ఎంతసేపైనా మాట్లాడే హక్కు ఆ రోజు నాకు సంక్రమించింది. "అవేవీ నేను వాడుకోను, తీసేయండి" అన్నాను. వాడినా వాడకపోయినా తీయడానికి కుదరదంది. ఈ పాయింటు నోట్ చేసుకోండి. కింద హాల్లో ఆడనివాడి దగ్గర ఒక్క సెంటు కూడా తీసుకోరు.

ఇదివరకు ఈ ఫీజు ఆన్‌లైన్ బుకింగ్‌లో చివరి పేజీ దాకా కనపడేది కాదట. అక్కడ వ్యాపారాల మీద నిఘా పెట్టే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వాళ్ళు కళ్ళెర్రజేసి, 2025 మే 12 నుంచి మొత్తం ధర మొదట్లోనే చూపించాలని రూలు పెట్టారు. ఫీజు వద్దని మాత్రం అనలేదు. పూర్వం దొంగ చీకట్లో వచ్చేవాడు, ఇప్పుడు శుభలేఖ పంపించి వస్తున్నాడు.

గది బాగుంది. అబద్ధమెందుకు, చాలా బాగుంది. పరదాలు తెరవడానికీ, దీపాలు ఆర్పడానికీ, చలి పెంచడానికీ అన్నింటికీ ఒక పలక లాంటిది ఇచ్చారు. ఇంజనీరింగ్ చదివిన మా అబ్బాయి వచ్చి ఇరవై నిమిషాలు కుస్తీ పట్టి, ఒక్క దీపం తప్ప అన్నీ ఆర్పగలిగాడు. ఆ ఒక్కటీ నేను నా తువ్వాలు కప్పి ఆర్పాను.

లేనిదల్లా నీళ్ళు కాచుకునే కెటిల్. మా ఆవిడ సూట్‌కేసులో స్టీలు ఫిల్టరూ, కాఫీ పొడీ పెట్టుకుని వచ్చింది, వేడినీళ్ళు కూడా తెచ్చుకోవాల్సిందని ఎవరూ చెప్పలేదు. ఈ ఊళ్ళో చాలా హోటళ్ళలో ఇంతేనట. గదిలోనే కాఫీ దొరికితే మనిషి కిందకు రాడు. కిందకు రాకపోతే ఆ హాలు చూడడు. నాకు నాలుగున్నరకే మెలకువ వస్తుంది. లిఫ్టు దిగి కాఫీ కొట్టు దాకా అడుగులు లెక్కపెట్టాను, 412. దారి ఎటు తిరిగినా జూదం మిషన్ల మధ్య నుంచే. గోడలకు గడియారం లేదు, కిటికీ లేదు. సూటు వేసుకున్న ఒకాయన చెప్పులు విప్పేసి, మఠం వేసుకుని కూర్చుని బటన్ నొక్కుతున్నాడు. ఆయన నిన్నటి మనిషో ఇవాళ్టి మనిషో పోల్చుకోలేకపోయాను. కాఫీ తొమ్మిది డాలర్లు. కాఫీ పోసింది మిషను, మూత పెట్టుకుంది నేను. తర్వాత తెర మీద టిప్పు 18 శాతమా, 20 శాతమా, 25 శాతమా అని వచ్చింది. ఎవరికి ఇవ్వాలో మాత్రం రాలేదు. నేను నాకే ఇచ్చుకోవాలేమో అనుకుని ఊరుకున్నాను.

ఇక ఫ్రిజ్జు. ఈ వ్యాసం రాస్తున్నదే దాని గురించి.

టీవీ కింద అలమరలో చిన్న ఫ్రిజ్జు. తలుపు తీస్తే లోపల సీసాలూ డబ్బాలూ బొమ్మల కొలువులా పేర్చి ఉన్నాయి. మా ఆవిడ చేతుల్లో కోడలు సర్ది ఇచ్చిన పెరుగు డబ్బా, పులిహోర, ఆవకాయ సీసా. లోపల ఖాళీ లేదు. సంసారం చేసినవాళ్ళెవరైనా ఏం చేస్తారో ఆవిడా అదే చేసింది. రెండు నీళ్ళ సీసాలూ, చాక్లెట్ పెట్టే, జీడిపప్పు డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. పెరుగు వెనక్కి, పులిహోర ముందుకి, ఆవకాయ పడిపోకుండా మూలకి సర్దింది. నడుం పట్టుకుని పైకి లేచి, "అమ్మయ్య, పెరుగు పులవదు" అంది. అప్పటికి నిమిషం దాటింది.

అదే ముహూర్తం. ఆ అరల్లో ఒక్కో వస్తువు కిందా ఒక్కో సెన్సర్ కాపలా ఉంటుందట. లేచిన వస్తువు నిమిషంలోగా తిరిగి తన చోట కూర్చోకపోతే అమ్ముడుపోయినట్టే. సాయంత్రం మా ఆవిడ అన్నీ తుడిచి మరీ ఎక్కడివక్కడ పెట్టింది గానీ, ఫ్రిజ్జు శాస్త్రంలో ప్రాయశ్చిత్తం లేదు. నీళ్ళ సీసా ఒక్కోటి 14 డాలర్లు, చాక్లెట్లు 18, జీడిపప్పు 26. గుప్పెడు జీడిపప్పు. పలాస వాళ్ళకు ఈ సంగతి చెప్పకండి, నిద్రపోరు.

ఇదంతా తెలియని ఆనందంలో మేము కిందకు దిగాం. తిరిగే చక్రంలో గోళీ ఏ అంకె దగ్గర ఆగుతుందో పందెం కాసే రౌలెట్ బల్ల దగ్గర నేను చాలాసేపు నిలబడ్డాను, అది నా సబ్జెక్టు. చక్రం మీద 1 నుంచి 36 దాకా అంకెలు. ఒక అంకె మీద డాలరు పెట్టి గెలిస్తే ఆ డాలరు కాక 35 డాలర్లు ఇస్తారు. అంకెలు అంతవరకే ఉంటే లెక్క సరిపోతుంది, హోటలుకు ఏమీ మిగలదు. అందుకని ఒక సున్నా చేర్చారు, వాళ్ళ వాటా 2.7 శాతం అయింది. అది యూరప్ పద్ధతి. అమెరికా చక్రం మీద రెండు సున్నాలు ఉంటాయి, 5.26 శాతం. ఈ మధ్య ఇక్కడ మూడో సున్నా కూడా వచ్చింది, 7.69 శాతం. సున్నా భారతదేశం ప్రపంచానికి ఇచ్చిన కానుక అని ముప్పై నాలుగేళ్ళు పిల్లలకు గర్వంగా చెప్పాను. దాన్ని మూడుసార్లు వాడుకుంటూ ఒక్క పైసా రాయల్టీ పంపని చోటును అప్పుడు కళ్ళారా చూశాను.

అయినా క్యాసినోను తప్పుపట్టను. మూడు సున్నాలూ చక్రం మీద ఎదురుగానే ఉన్నాయి. పదో తరగతిలో సంభావ్యత పాఠం విన్నవాడెవడైనా నిలబడి లెక్క కట్టుకోవచ్చు. ఫ్రిజ్జు మీద ఏ అంకే రాసి లేదు. రాస్తే అది నూటికి నూరు.

మిషన్ల వైపూ అంతే. స్లాట్ మిషను లెక్క ప్రకారం వేసిన డబ్బులో కనీసం 75 శాతం తిరిగి ఇచ్చేలా ఉండాలని నెవాడాలో నిబంధన. రిసార్టు ఫీజులో 75 శాతం తిరిగి ఇమ్మని ఎవరైనా ఆ కౌంటర్లో అడిగి చూడండి.

మా ఆవిడ ఒక లావుపాటి పంది బొమ్మ ఉన్న మిషను ముందు కూర్చుని ఇరవై డాలర్ల నోటు పెట్టింది. ఒక్కో నొక్కుకు 88 సెంట్లు. మూడో నొక్కుకే గంటలు, బాకాలు, తెర నిండా బంగారు నాణేల వాన. "ఏమండీ, వచ్చాయండీ!" అంది. చూస్తే వచ్చింది 30 సెంట్లు. "ఏమోయ్, నీకు 58 సెంట్లు పోయాయి" అన్నాను. "మీరు కాసేపు అటు వెళ్ళండి" అంది. వెళ్ళాను. పావుగంటకు తిరిగొచ్చేసరికి పంది పొట్ట పగిలి ఉంది, తెర మీద 61 డాలర్ల 41 సెంట్లు. ఆవిడ అప్పటికే డబ్బు తీసుకునే బటన్ నొక్కేసి, మిషను ఇచ్చిన కాగితం పర్సులో పెట్టేసుకుంటోంది. "ఇంక చాలు, పదండి, పెరుగన్నం తిందాం." నా సర్వీసులో ఇంత కచ్చితమైన గణిత నిర్ణయం నేను ఎన్నడూ తీసుకోలేదు.

కాగితాన్ని నోట్లుగా మార్చే మిషను 61 డాలర్లిచ్చి, మిగిలిన 41 సెంట్లకు చిల్లర లేదని ఇంకో చిన్న కాగితం ఇచ్చింది. ఆవిడ దాన్ని కూడా మడిచి దాచింది. మా సంపాదన 41 డాలర్ల 41 సెంట్లు. దారిలో మా అబ్బాయి ఇంకో కబురు చెప్పాడు. 2026 నుంచి అమెరికా పన్ను లెక్కల్లో జూదంలో పోయిన డబ్బులో 90 శాతమే తగ్గించుకోనిస్తారట. అంటే పదివేలు గెలిచి పదివేలు ఓడినవాడు వెయ్యి సంపాదించినట్టు. సున్నాలో నుంచి వెయ్యి పుట్టించడం మన భాస్కరాచార్యుడి వల్ల కూడా కాలేదు.

మూడో రోజు పొద్దున బిల్లు. ఫ్రిజ్జు కింద 72 డాలర్లు చూసి మా ఆవిడ నన్ను పక్కకు జరిపి తనే ముందుకొచ్చింది. అబ్బాయి తర్జుమా. "మేమేమీ తినలేదమ్మా, తాగలేదు. పెరుగు పెట్టుకోవడానికి కాస్త పక్కన పెట్టాం, అంతే." కౌంటర్లో అమ్మాయి నవ్వింది, అయ్యో అలాగా అంది, 72 డాలర్లు అక్కడికక్కడే కొట్టేసింది. మా ఆవిడ నా వైపు గెలిచినట్టు చూసింది. ఆ అమ్మాయి ఇంకో రెండు మీటలు నొక్కి, అదే నవ్వుతో, ఫ్రిజ్జులో సొంత వస్తువులు పెట్టుకున్నందుకు 50 డాలర్లు వేసింది. పెట్టుకున్నామని మేమే చెప్పాం కదా. నిజం చెప్పినందుకు మాకు కలిసొచ్చింది 22 డాలర్లు. హరిశ్చంద్రుడికి ఆ మాత్రం కూడా దక్కలేదు.

ఇది చూశాక మా భీమవరం వైపు సంక్రాంతి బరులు వేసేవాళ్ళ మీద నాకు జాలి కలిగింది. ఏటా కోర్టు ఉత్తర్వులు, పోలీసు హెచ్చరికలు, వాటి పక్కనే ఫ్లడ్‌లైట్లు, పెద్ద తెరలు, వీఐపీ గ్యాలరీలు, ఓ మూల గుండాట. అంత ఖర్చు పెట్టుకుని పాపం ఆడినవాడి దగ్గరే తీసుకుంటారు. ఆడకుండా నిలబడి, పుంజును చూసి, చెరుకురసం తాగి వెళ్ళిపోయేవాణ్ణి ఉత్తినే వదిలేస్తారు. వాడికి ఒక బరి ఫీజు ఉండాలి. ఇంటి నుంచి తెచ్చుకున్న మంచినీళ్ళ సీసాకు చోటు రుసుం ఉండాలి. పుంజు వైపు నిమిషం కన్నా ఎక్కువ చూస్తే కొన్నట్టు రాసేసుకోవాలి. అప్పుడిక కత్తులు కట్టక్కర్లేదు, కోర్టుకెళ్ళక్కర్లేదు. రమ్మీ నైపుణ్యంతో ఆడే ఆట అని మన సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో 1967లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఫ్రిజ్జు గురించి ఇంకా ఎవరూ కోర్టుకు వెళ్ళినట్టు లేరు.

గ్రాండ్ కాన్యన్ బాగుంది. పార్కింగుకు వేరే ఫీజు లేదు, అంచు దాకా వెళ్ళి ఎంతసేపు చూసినా సెన్సర్ మోగలేదు.

ఫీనిక్స్ వచ్చిన వారానికి మా ఆవిడ ఆ 41 సెంట్ల కాగితం బయటకు తీసి, కళ్ళద్దాలు పెట్టుకుని చదివింది. కింద చిన్న అక్షరాల్లో 60 రోజుల గడువు. గడువు దాటితే ఆ డబ్బు ఎవరికి పోతుందని అడిగింది. 2011 నుంచి ఉన్న చట్టం ప్రకారం, అలా మిగిలిపోయిన డబ్బులో 75 శాతం నెవాడా ఖజానాకు, 25 శాతం క్యాసినోకు అని చెప్పాను. మన విషయంలో దాదాపు 31 సెంట్లు ప్రభుత్వానికి, పది సెంట్లు హోటలుకు అని లెక్క కూడా కట్టి ఇచ్చాను.

"మన పది సెంట్లు ఆ పిల్లకా?" అంది. ఫోను తీసి ఆఫీసులో ఉన్న అబ్బాయికి చేసింది.

"ఒరేయ్ చిన్నా, డిసెంబరు లోపల ఆ హోటలుకు ఇంకోసారి వెళ్ళాలిరా. ఈసారి పెరుగు తేనులే."