సూట్‌కేసులో యాస్పిరిన్

విశాఖ ఎంవీపీ కాలనీలో మా అక్క ఇంట్లో, ఫ్రిజ్ మీద ఆవకాయ జాడీ పక్కన యాస్పిరిన్ సీసా ఉండేది. 81 మిల్లీగ్రాముల బిళ్లలు. ఒక సంక్రాంతికి అమెరికా నుంచి నేనే తీసుకెళ్లాను. బాదంపప్పు, చాక్లెట్లతో పాటు మనందరి సూట్‌కేసుల్లోనూ వెళ్లే సరుకే కదా! "గుండెకి మంచిదే, రోజుకొకటి వేసుకో" అని చెప్పి మరీ ఇచ్చాను.

నిరుడు వేసవిలో వెళ్తే అక్క రెండంతస్తులు ఎక్కలేక మెట్ల మీదే కూర్చుండిపోయింది. మోచేతి దగ్గర నీలం మచ్చలు. అక్కకి 48 ఏళ్లు. నెలసరి ఒకసారి వస్తే రెండు నెలలు రాదు, వచ్చిందంటే పది రోజులు ఆగదు. మోకాళ్లకి నొప్పి మాత్రలు వేరే. గుండెకేమైనా అయిందేమోనని హడలిపోయి తీసుకెళ్తే, గుండె బాగానే ఉంది. హిమోగ్లోబిన్ 8కి పడిపోయింది.

"ఈ బిళ్ల ఎవరు రాశారమ్మా?" అని డాక్టరుగారు అడిగారు.

"మా చెల్లి అమెరికా నుంచి తెచ్చిందండీ" అంది అక్క, గొప్పగా.

తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు నాకు. యాస్పిరిన్ రక్తాన్ని తేలిగ్గా గడ్డకట్టనివ్వదు. అసలే అధికంగా పోతున్న రక్తానికి నేను తోడుపడ్డాను.

ఈ బిళ్లకి పేరు తెచ్చిన పెద్ద అధ్యయనం 1989లో వెలువడింది. 22,071 మంది డాక్టర్ల మీద చేశారు, అందరూ మగవాళ్లే. వాళ్లలో గుండెపోట్లు 44 శాతం తగ్గాయి. 45 దాటిన సుమారు 40 వేలమంది ఆడవాళ్లకి రోజు విడిచి రోజు 100 మిల్లీగ్రాములు ఇచ్చి పదేళ్లు చూసిన ఫలితం 2005లో వచ్చింది. రక్తం గడ్డకట్టి వచ్చే పక్షవాతం 24 శాతం తగ్గింది కానీ, మొత్తమ్మీద గుండెపోట్లు తగ్గలేదు. పొట్టలో రక్తస్రావం పెరిగింది. 65 దాటినవాళ్లలో గుండెపోట్లు కొంత తగ్గిన మాట నిజమే, రక్తస్రావం భయం మాత్రం వాళ్లకీ తప్పలేదు. 60 దాటాక, గుండెజబ్బు లేనివాళ్లు కొత్తగా మొదలుపెట్టొద్దని 2022లో అమెరికా నిపుణుల సంఘమే చెప్పింది. మగవాళ్ల కొలతలకి కుట్టిన చొక్కాని అక్కకి తొడిగాను నేను.

ఇప్పటికే గుండెపోటు వచ్చినవాళ్లు, స్టెంటు వేయించుకున్నవాళ్లు ఇది చదివి మాత్ర ఆపెయ్యకండి. వాళ్ల లెక్క వేరు.

నెలసరి ఆగే వయసులో ఆడవాళ్లకి చెడు కొలెస్ట్రాల్ పెరుగుతుంది. బీపీ కూడా ఆ ఏళ్లలోనే మెల్లగా ఎక్కుతుంటుంది. అదుపులో లేని బీపీ మీద యాస్పిరిన్ వేసుకుంటే మెదడులో రక్తం చిట్లే ముప్పు మరింత ఎక్కువ. అక్క బీపీ చూపించుకుని ఎన్నేళ్లయిందో దానికే గుర్తులేదు. బిళ్ల ఇచ్చేముందు నేనూ అడగలేదు.

మొన్న సంక్రాంతికి బీపీ మిషన్ పట్టుకెళ్లాను. అక్కది చూశాక పక్కింటి పిన్నిగారు కూడా చెయ్యి చాపారు. 168 చూపించింది. ఆవిడ పట్టీ విప్పేసి, "ఇది అమెరికా మిషన్ కదమ్మా, మన ఒంటికి సరిపడదేటో" అన్నారు.