పదహారో లూయీ చేసిన మహాపరాధం

ఫ్రాన్సు రాజు పదహారో లూయీ ఎందుకు కూలిపోయాడని అడిగితే అందరూ రాణి మేరీ ఆంటోనెట్ నగలు లెక్కపెట్టడం మొదలుపెడతారు. పాపం ఆవిడ! 1788 నాటి ఖర్చుల పట్టీలో మొత్తం రాచకొలువు వాటా నూటికి ఆరు. పాత అప్పులకు పోయింది సగం. రొట్టె లేకపోతే కేకు తినమని ఆవిడ అన్నదానికి ఆధారమూ లేదు.

రాజు చేసిన అసలు నేరం వేరు. ఉన్నవాళ్లను పన్ను అడిగాడు.

అంత చక్కని ఏర్పాటును చెడగొట్టడానికి ఆయనకు మనసెలా వచ్చిందో! మతాచార్యులు ప్రార్థిస్తారు, ప్రభువులు కత్తి పడతారు, ఈ రెండూ చేతకానివాళ్లు పన్ను కడతారు. చాలా ప్రాంతాల్లో ఎనిమిదేళ్లు దాటిన ప్రతి ప్రాణీ సర్కారు ఉప్పు ఏటా ఇంతని కొని తీరాలి. తిన్న ఉప్పుకు విశ్వాసం చూపడం మనకు తెలుసు. తినని ఉప్పుకూ చూపించడం అక్కడి నాగరికత. ఇక నాలుగు డబ్బులు వెనకేసిన వర్తకుడు రాజుగారి కార్యదర్శి పదవి కొనుక్కుని ప్రభువైపోయేవాడు. ఆ పదవికి జనం పెట్టిన పేరు 'పామరుల సబ్బు'. ఒక్కసారి రుద్దుకుంటే పుట్టుకతోపాటు పన్నూ వదిలిపోయేది.

ఇంతలో అమెరికా స్వాతంత్ర్య యుద్ధం వచ్చింది. ఇంగ్లండు రాజుకు పన్ను కట్టబోమన్నవాళ్లకు ఫ్రాన్సు రాజు వంద కోట్ల లివ్రలకు (అప్పటి ఫ్రెంచి డబ్బు) పైగా ఖర్చుపెట్టి సాయం చేశాడు. ఆర్థికమంత్రి నెక్కర్ పన్నులు పెంచలేదు, అప్పులు తెచ్చాడు. 1781లో యుద్ధం ఖర్చును పక్కకు నెట్టి, కోటి లివ్రలు మిగిలాయని లెక్కలు అచ్చువేశాడు. జనం ఎగబడి కొన్నారు. కట్టుకథలకు గిరాకీ ఎప్పుడూ ఉంటుంది.

అప్పుల్లో ముచ్చటైనది జీవితకాలపు వార్షికం. అప్పిచ్చినవాడు ఎవరి పేరు రాయిస్తే ఆ మనిషి బతికున్నన్నాళ్లూ ఖజానా అతనికి ఏటా ఇంతని చెల్లించాలి; పేరున్న మనిషి వయసెంతైనా ఒకటే రేటు. జెనీవా బ్యాంకర్లు ఊరంతా గాలించి, మశూచి వచ్చి తగ్గిన గట్టి ఆడపిల్లలను ఏరి వాళ్ల పేర్లు రాయించారు. ఆ పిల్లలకు జలుబు చేస్తే బ్యాంకులు దగ్గేవి. వాళ్లు నిక్షేపంగా ఉంటే ఫ్రాన్సు మంచం పట్టేది.

1787లో అప్పటి ఆర్థికమంత్రి కలోన్, భూమి ఉన్న ప్రతివాడూ పన్ను కట్టాలన్నాడు. సలహాకు పిలిపించిన పెద్దమనుషులు నూట నలభై పైచిలుకు. వాళ్లకు హఠాత్తుగా రాజ్యాంగ సూత్రాలు గుర్తొచ్చాయి. పన్ను సంగతి నిలిచిపోయింది, కలోన్ ఉద్యోగం ఊడింది.

1788 ఆగస్టు 10న టిప్పు సుల్తాన్ రాయబారులు రాజుగారుండే వెర్సాయ్‌కు వచ్చి బ్రిటిష్‌వారి మీద మరో యుద్ధానికి సాయం అడిగారు. తాను దూర సందు లేదు, మెడకో డోలు! సరిగ్గా ఆరు రోజులకు ఖజానా చెల్లింపులు ఆగిపోయాయి. ఆ జూలైలోనే వడగళ్లు పంటను చితక్కొట్టాయి. మరుసటి ఏడాది రొట్టె ధర ఆకాశానికి అంటిన రోజుల్లోనే పారిస్‌లోని చెరసాల కోట బాస్టీల్ జనం చేతిలో పడిపోయింది.

ఊళ్లలో ప్రభువుల కోటలు తగలబడ్డాక పెద్దమనుషులకు జ్ఞానోదయమైంది. 1789 ఆగస్టు 4 రాత్రి జాతీయ సభలో త్యాగాలకు పోటీ పడ్డారు. ఒక బిషప్ ప్రభువుల వేట హక్కును త్యాగం చేశాడు. ఒళ్లు మండిన ఒక ప్రభువు చర్చికొచ్చే దశమభాగాన్ని త్యాగం చేశాడు. రైతులు తమకు కట్టే భూమి శిస్తుల దగ్గరకు వచ్చేసరికి మాత్రం, వాటిలో చాలావాటిని రైతులే సొమ్ము చెల్లించి విడిపించుకోవాలని రాసుకున్నారు.